ఒండ్రో, ఇసుకో

పదిహేనేళ్ల కిస్తీ తీరిపోయిన మంగళవారం
బ్యాంకువాళ్లు నా కాగితాలు నా చేతికిచ్చారు.
పసుపుపచ్చ కవరు, పైన నా పేరు తప్పు:
పంపన బ్రమరంబ.
ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను
అంచుదాకా పొంగిన పిండిగిన్నెను తెచ్చినంత పదిలంగా.
బీరువాలో పెట్టి తాళం వేశాను.
ఎనిమిది రోజులున్నాయి.

తొమ్మిదోనాడు మేనేజరుగారే టిఫినుకొచ్చి
పెసరట్టు మీద అల్లంచట్నీ పోసుకుంటూ
"కాగితాలు ఊరికే నిద్దరోతున్నాయండి,
లేపి పనిలో పెట్టండి" అన్నారు.
ఆ మాట నాకు నచ్చింది.
ఇరవై రెండేళ్లుగా మూడున్నరకే లేచేదాన్ని,
నిద్దరోతున్న దేన్ని చూసినా ఒళ్లుమంట.

టేపు పట్టుకుని ఇంజనీరు కుర్రాడొచ్చాడు.
రావులపాలెంలో, నా హోటలు వెనకే
నాలుగు పోర్షన్ల మేడ.
గోడలు తట్టాడు. మెట్లు లెక్కపెట్టాడు.
మెట్లకింద నేను మినప్పొట్టు బస్తాలేసుకునే జాగా కూడా
వదలకుండా కొలిచాడు.
"డెబ్భై ఎనిమిది లక్షలండి."
కట్టింది పధ్నాలుగుకి.
మిగతా అరవై నాలుగు ఎక్కణ్ణుంచొచ్చాయి బాబూ,
నేను రాత్రిళ్లు పిండి రుబ్బుతుంటే
గోడల్లోకి ఎవరు పోసి వెళ్లారు?
"హైవే అండీ" అన్నాడు,
టేపు చుట్టేసుకుంటూ.

మా నాన్న లంకలో కౌలుదారు.
వరద తీశాక చేలోకి దిగి
కాలి బొటనవేలితో నేల నొక్కి చూసేవాడు.
జారితే ఒండ్రు. గరగరలాడితే ఇసుక.
ఒండ్రైతే ఆ ఏడు ఎరువు మాటే లేదు.
ఇసుకైతే మేట తీయించడానికే అప్పు.
నీళ్లున్నంతసేపూ మాత్రం
రెండూ ఒకే ఎరుపు.

పదకొండు చోట్ల సంతకం పెట్టాను.
కవరు మళ్లీ బ్యాంకుకే వెళ్లిపోయింది, తప్పు పేరుతో సహా.
ముప్పై లక్షలు, పైన నా చీటీ డబ్బులు,
కొత్తపేట రోడ్డులో మూడు పోర్షన్ల కొత్త మేడ.
ఇంకా సున్నం వాసన పోలేదు,
ముగ్గురూ అద్దెకి దిగిపోయారు.

క్యాలెండరు వెనక లెక్క రాసుకున్నాను.
పాతది ఇరవై ఎనిమిది వేలు, కొత్తది పద్దెనిమిది.
కిస్తీ ముప్పై రెండు వేల రెండువందల నలభై.
ఏదో ఒక పోర్షను ఖాళీ అయినా గట్టెక్కుతాను.
పాత మేడలో రెండు ఖాళీ అయితే
రెండువందల నలభై తక్కువ.
రెండూ ఒకేసారి ఎందుకు ఖాళీ అవుతాయిలే అని
క్యాలెండరు తిప్పి తగిలించాను,
దేవుడి బొమ్మ ఇవతలికి వచ్చేలా.

శ్రావణంలో గోదారి లంకలెక్కింది.
గెలలు వేసిన అరటి నిలువునా పడుకుంది.
రెండో పోర్షను నూకరాజు అరటి మార్కెట్లో గుమస్తా;
గెల లేకపోతే జీతం లేదు, జీతం లేకపోతే నాకు అద్దె లేదు.
ఆ నెలలోనే నాలుగో పోర్షను నర్సమ్మ కరుణకి
రాజోలు బదిలీ. వెళ్తూ వెళ్తూ తులసిమొక్క నాకిచ్చి పోయింది,
"నేను చర్చికెళ్లేదాన్నండి, దగ్గుమందుకని పెంచాను" అని.

రెండువందల నలభై.
ఎనిమిది ప్లేట్ల ఇడ్లీ.
నవ్వొచ్చింది మొదట.
రెండో నెల నవ్వు రాలేదు,
రూపాయి తక్కువైనా ఆ తారీకున
బ్యాంకు ఫోను నాకన్నా ముందు లేస్తోంది.

ఇవాళ మేనేజరుగారు, గొంతులో పెసరట్టు నాటి తియ్యదనం:
"ఆ రెండోదానికీ రేటు పెరిగిందండి,
ఓసారి కొలిపిస్తే మూడోది చూసుకోవచ్చు."
నిజమే. బీరువాలో కొత్త కవరుంది.
దాని మీద నా పేరు ఒత్తులతో సహా సరిగ్గా రాశారు.

అప్పుడే నూకరాజు లంకనుంచొచ్చాడు,
మోకాళ్లదాకా బురద.
"నీరు తీసిందండీ" అన్నాడు, అద్దె ఊసెత్తకుండా.
నేనూ ఎత్తలేదు.
అతను కుళాయి దగ్గరకెళ్లాక
మెట్టు మీద మిగిలిన తడి అడుగులో
నా బొటనవేలు పెట్టి నొక్కాను.

చెవి దగ్గర ఫోను
ఇంకా మాట్లాడుతూనే ఉంది.